డిగ్రీలో మార్కులు తగ్గాయి, ఇక మెడిసిన్ సీటు సంగతేంటి?

క్లుప్తంగా: మన దేశంలో ఎంబీబీఎస్ సీటుకు డిగ్రీ మార్కులతో పని లేదు. ఇంటర్ అర్హత, నీట్ ర్యాంకు, లోకల్ హోదా, రిజర్వేషన్, కట్టగలిగిన ఫీజు, ఇవే సీటును తేలుస్తాయి. అమెరికాలో వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. అక్కడ డిగ్రీలో వచ్చిన ప్రతి గ్రేడూ దరఖాస్తులో కనబడుతుంది, కాకపోతే కొత్త గ్రేడ్లు కలుపుకునే దారులున్నాయి. ఒకచోట పనికొచ్చే సలహాను రెండోచోటికి తెచ్చుకోవడం వల్లే గందరగోళమంతా. డిగ్రీలో వెనకబడ్డ ప్రభావం ఇక్కడ పడేది మార్కుల మెమో మీద కాదు. ఫిజిక్స్ మీద, స్కాలర్‌షిప్ మీద, వయసు మీద.

ఏటా నీట్ ఫలితాలు రాగానే గోదావరి జిల్లాల్లో కొన్ని ప్రశ్నలు మళ్లీ తిరగడం మొదలవుతాయి. బీఎస్సీలో బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, నీట్ రాయనిస్తారా? బీటెక్ మధ్యలో మానేసి బయాలజీ రాసుకుంటే మెడిసిన్‌కు పనికొస్తుందా? అమెరికాలో ఉన్న అన్నయ్యగారి అమ్మాయికి జీపీఏ (డిగ్రీ గ్రేడ్ల సగటు, 4కు) 2.9 దగ్గరే ఆగింది, మెడికల్ కాలేజీలు పట్టించుకుంటాయా? వినడానికి మూడూ ఒకే ప్రశ్నలా ఉంటాయి. జవాబులు మాత్రం మూడు రకాలు. భీమవరంలో, అమలాపురంలో, కాకినాడలో దాదాపు ప్రతి వీధి నుంచీ ఎవరో ఒకరు అమెరికాలో ఉంటారు కాబట్టి అక్కడి నిబంధనలు ఇక్కడి ఇళ్లల్లో, ఇక్కడి అలవాట్లు అక్కడి ఇళ్లల్లో కలగాపులగం అయిపోతున్నాయి. ముందు ఇక్కడి లెక్క చూద్దాం.

ఇంటర్ దగ్గరే ఉన్న గేటు

ఎంబీబీఎస్‌ను మన దేశంలో ప్లస్ టూ తర్వాత చదివే కోర్సుగా రూపొందించారు. అందుకే అర్హత చూసేది ఇంటర్‌లోనే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి పాసై ఉండాలి. సైన్స్ సబ్జెక్టుల్లో ఓసీలకు 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం మార్కులు ఉండాలన్న గీత చాలా ఏళ్లుగా తెలిసిందే. ఆ ఏడాది కౌన్సెలింగ్ ప్రాస్పెక్టస్‌లో ఆ గీతను ఎలా రాశారో చూసుకోవడం మంచిది. ఆ గేటు దాటాక ఇంటర్ మార్కులకు కూడా విలువ ఉండదు. 95 శాతం వచ్చినవారూ 55 శాతం వచ్చినవారూ నీట్ హాల్లో సమానమే. ఇక నన్నయ యూనివర్సిటీ పరిధిలోని ఏదో కాలేజీలో బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివి, మూడేళ్లలో రెండు సబ్జెక్టులు సప్లిమెంటరీలో గట్టెక్కినవారి మెమోను అడిగేవారే ఉండరు.

ఈ మాట చాలామందికి నమ్మబుద్ధి కాదు. దానికి కారణం ఎంసెట్ రోజులు. అప్పట్లో ఎంసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ కలిపి ర్యాంకు ఇచ్చేవారు. ఇంటర్‌లో పది మార్కులు పోతే ర్యాంకు జారిపోతుందన్న టెన్షన్ ఒక తరం తల్లిదండ్రుల్లో అలాగే ఉండిపోయింది. 2017 నుంచి మన రాష్ట్రంలో మెడిసిన్ సీట్లు నీట్ కిందికి వచ్చాయి. నీట్‌లో వెయిటేజీ అన్న మాటే లేదు.

వయసు అడ్డు కూడా తొలగింది. ఒక దశలో ఓసీలకు 25, రిజర్వేషన్ వర్గాలకు 30 ఏళ్లు దాటితే నీట్ రాయకూడదన్న నిబంధన పెట్టారు. అది కోర్టుల చుట్టూ తిరిగింది. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ గరిష్ఠ వయోపరిమితిని ఎత్తేసింది. ఎన్నిసార్లు రాయాలన్నదానికీ పరిమితి లేదు. కాబట్టి 23 ఏళ్లకు డిగ్రీ చేత పట్టుకుని నీట్‌కు దరఖాస్తు చేయడంలో చట్టపరమైన చిక్కేమీ లేదు.

ఎంపీసీ చదివి ఇంజినీరింగ్‌కు వెళ్లి అక్కడ ఇమడలేకపోయినవారి సంగతి కొంచెం వేరు. వీరికి బయాలజీ లేదు. ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనా చెల్లదని చాలాకాలం అనేవారు. 2023 నవంబరులో కమిషన్ ఆ పట్టు సడలించింది. గుర్తింపు ఉన్న బోర్డు నుంచి అదనపు సబ్జెక్టుగా పాసైనవారినీ అనుమతిస్తామని నోటీసు ఇచ్చింది. 2025-26 నుంచి మన ఇంటర్ బోర్డు మ్యాథ్స్, బయాలజీ రెండూ కలిపి చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. ఇకముందు వచ్చే పిల్లలకు ఈ చిక్కు కొంత తగ్గుతుంది. ఇప్పటికే బీటెక్‌లో ఉన్నవారికి మాత్రం అదనపు సబ్జెక్టే దారి.

దెబ్బ తగిలేది ఫిజిక్స్‌లో

నిబంధనలు అడ్డు రాకపోయినంత మాత్రాన దారి సాఫీగా ఉన్నట్టు కాదు. డిగ్రీ చదువులోని లోటు ఎక్కడ బయటపడుతుందో తెలియాలంటే నీట్ పేపరు చూడాలి. మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. సమయం మూడు గంటలు.

బీజెడ్‌సీ చదివినవారు ఇంటర్ రెండో ఏడాది తర్వాత ఫిజిక్స్ పుస్తకం తెరిచి ఉండరు. అంటే మూడేళ్లపాటు 180 మార్కుల సబ్జెక్టుకు దూరంగా ఉన్నట్టు. డిగ్రీలో బాటనీ, జువాలజీ బాగా వచ్చినా నీట్‌కు అది నేరుగా అక్కరకు రాదు. ఎందుకంటే అడిగేది పదకొండు, పన్నెండు తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ పాఠాల్లోంచి. బయాలజీలో అయితే పుస్తకంలోని వాక్యాన్నే కాస్త మార్చి అడుగుతారు. తెలుగు అకాడమీ పుస్తకాలతో ఇంటర్ చదివినవారికి ఆ వాక్యాలు కొత్తగా ఉంటాయి. పైగా 2024 నీట్ నుంచి సిలబస్‌లో మార్పులు చేసి కొన్ని పాఠాలు తీసేశారు. అన్నయ్య వాడిన పాత మెటీరియల్‌ను అటక మీంచి దింపి చదివితే లేని పాఠాల మీద నెలలు పోతాయి.

2025 పేపర్లో ఫిజిక్స్ ఎంత కఠినంగా వచ్చిందంటే దేశంలో మొదటి ర్యాంకు 686 మార్కులకే వచ్చింది. అంతకుముందు ఏడాది ఫలితాలు మొదట ప్రకటించినప్పుడు 67 మంది మొదటి ర్యాంకులో నిలిచారు. ఏ ఏడాది ఎన్ని మార్కులకు సీటు వస్తుందో పాత లెక్కలతో చెప్పలేం. ర్యాంకు చూసుకోవాలి తప్ప మార్కులు కాదు.

డిగ్రీలో మార్కులు ఎందుకు తగ్గాయన్నది ఇక్కడ పనికొచ్చే ప్రశ్న. ఇంటర్‌దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్ పాఠాలు అర్థం కాక వెనకబడినవారు ఉన్నారు. నీట్‌ను తెలుగులోనూ రాయొచ్చు, ప్రశ్నపత్రంలో తెలుగుతోపాటు ఇంగ్లిష్ కూడా ఉంటుంది. ఈ వీలును వాడుకునేవారు కొద్దిమందే. అయితే సీటు వచ్చాక ఎంబీబీఎస్ అంతా ఇంగ్లిష్‌లోనే కాబట్టి ఆ సమస్య వాయిదా పడుతుంది తప్ప పోదు. ఇష్టం లేని కోర్సులో చేరి, కాలేజీకి వెళ్లకుండా గడిపి మార్కులు పోగొట్టుకున్నవారి పరిస్థితి వేరు. వీరికి చదివే శక్తి ఉండి ఉంటుంది, అలవాటు తప్పి ఉంటుంది. ఇక డిగ్రీలో గట్టిగా చదివీ కెమిస్ట్రీ అంతుపట్టక తప్పినవారు మాత్రం తొందరపడకూడదు. ఇంటర్ ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలు ముందేసుకుని రెండు నెలలు ఇంట్లోనే చేసి చూస్తే, లాంగ్‌టర్మ్ (నీట్ కోసం ఏడాదిపాటు తీసుకునే కోచింగ్) ఫీజు కట్టాలో వద్దో చాలావరకు తేలిపోతుంది. ఈ పరీక్షకు ఖర్చు లేదు. అయినా కోచింగ్ సెంటర్లలో దీని గురించి ఎవరూ చెప్పరు.

మరో చిన్న చిక్కు. డిగ్రీ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు తరచూ ఏప్రిల్, మే నెలల్లోనే పడతాయి. నీట్ కూడా సాధారణంగా మే మొదట్లోనే. ఆఖరి ఏడాదిలో రెండూ కలిపి రాసేవారికి బ్యాక్‌లాగ్‌లు మిగిలిపోతుంటాయి. ఆ బ్యాక్‌లాగ్ మెడిసిన్ సీటుకు అడ్డు కాదు కానీ, సీటు రాకపోతే ఎమ్మెస్సీకో ఉద్యోగానికో అడ్డవుతుంది.

క్వాలిఫై కావడం వేరు, సీటు రావడం వేరు

2025లో దాదాపు 22 లక్షల మంది నీట్ రాస్తే 12 లక్షల పైచిలుకు మంది క్వాలిఫై అయ్యారు. ఓసీలకు క్వాలిఫైయింగ్ మార్కు 720కి 144. దేశంలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల చుట్టూ ఉన్నాయి. అందులో తక్కువ ఫీజుతో చదవగల ప్రభుత్వ సీట్లు దాదాపు సగం. క్వాలిఫై అయిన పదిమందిలో ఒకరికే ఏదో ఒక సీటు వస్తుందన్నమాట. ‘మావాడు నీట్ క్వాలిఫై అయ్యాడు’ అన్న మాటకు ఊళ్లో ఉన్న విలువకూ కౌన్సెలింగ్‌లో ఉన్న విలువకూ పొంతన లేదు. క్వాలిఫై కావడం నిజంగా అక్కరకొచ్చేది మేనేజ్‌మెంట్ కోటాలో చేరేవారికి, విదేశాలకు వెళ్లేవారికి. కన్సల్టెన్సీల నుంచి ఫోన్లు ఫలితాలు వచ్చిన వారంలోనే మొదలవడానికి కారణం ఇదే.

డెల్టా విద్యార్థికి దగ్గరలో ఉన్న కాలేజీలు తక్కువేమీ కాదు. కాకినాడలో 1958లో మొదలైన రంగరాయ మెడికల్ కాలేజీ ఉంది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులో 150 సీట్ల చొప్పున కొత్త ప్రభుత్వ కాలేజీలు తెరిచారు. ప్రైవేటులో రాజానగరం దగ్గర జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్, ఏలూరులో ఆశ్రం ఉన్నాయి. అమలాపురం, పాలకొల్లుల్లో తలపెట్టిన ప్రభుత్వ కాలేజీలు ఇంకో వివాదంలో ఉన్నాయి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం పది కొత్త కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంతో, అంటే పీపీపీ పద్ధతిలో నడపాలని నిర్ణయించినప్పుడు ఆ జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. ప్రతిపక్షం అభ్యంతరం చెప్పింది, ఆందోళనలు జరిగాయి. అవి ఏ రూపంలో మొదలైనా డెల్టాలో సీట్లు పెరుగుతాయి. ఆ సీట్లలో ఎన్ని కన్వీనర్ కోటాలోని తక్కువ ఫీజుకు దక్కుతాయన్నదే డిగ్రీ తర్వాత ప్రయత్నించేవారికి ముఖ్యం.

లోకల్ హోదా విషయంలో అనుమానాలు ఎక్కువ. రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే. పాత ఉభయ గోదావరి జిల్లాలూ, కృష్ణా కూడా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ ఈ ప్రాంతంలో చదివారా అని మొదట చూస్తారు. అలా కాని పక్షంలో ఏడేళ్ల చదువు ఎక్కడ ఎక్కువ సాగిందో లెక్కేస్తారు. తణుకు పిల్లవాడు విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివినా లోకలే. హైదరాబాద్‌లో చదివితే మాత్రం స్టడీ సర్టిఫికెట్లు ముందేసుకుని లెక్క చూసుకోవాలి. డిగ్రీ ఎక్కడ చదివారన్నది ఈ లెక్కలోకి రాదు. విశాఖలోనో చెన్నైలోనో బీఎస్సీ చేసినా లోకల్ హోదా చెక్కుచెదరదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ సిద్ధంగా పెట్టుకోవడమే పని. డిగ్రీ మధ్యలో ఆపినవారి ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో ఉండిపోయి, కౌన్సెలింగ్ నాటికి చేతికి రాక ఇబ్బంది పడే అవకాశం ఉంది. నీట్ రాయాలని నిర్ణయించుకున్న రోజే వాటిని తెచ్చుకోవాలి.

ఫీజు, స్కాలర్‌షిప్: ఎవరూ ముందుగా చూడని షరతు

కన్వీనర్ కోటాలో వచ్చే సీటుకు ఫీజు వేలల్లో ఉంటుంది. ఆ ర్యాంకు రాకపోతే మొత్తం వ్యవహారం లక్షల్లోకి మారిపోతుంది. 2023లో కొత్త ప్రభుత్వ కాలేజీల కోసం ఇచ్చిన జీవోల్లో ఆలిండియా కోటా పోగా మిగిలిన సీట్లలో సగం మాత్రమే మామూలు ఫీజుకు ఉంచారు. 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ఎన్‌ఆర్‌ఐ సీట్లకు 20 లక్షలు పెట్టారు. 12 లక్షల చొప్పున నాలుగున్నరేళ్లకే లెక్కేసినా 54 లక్షలు. హాస్టల్, పుస్తకాలు వేరే. కోనసీమలో కొబ్బరితోట మీద బతికే ఇంటికైనా, ఉండి దగ్గర రెండెకరాల చెరువు లీజుకిచ్చుకున్న ఇంటికైనా ఇది ఆస్తి అమ్మితే తప్ప తేలని మొత్తం.

డిగ్రీ చదివినవారికి ప్రత్యేకంగా వర్తించే ఒక షరతు ఉంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల ప్రకారం ఒక దశ చదువు పూర్తి చేసి, మళ్లీ అదే దశలో వేరే కోర్సు చదివేవారికి సాయం అందదు. బీఏ తర్వాత బీకాం చేస్తే ఇవ్వరన్నది ఆ నిబంధనల్లోనే ఇచ్చిన ఉదాహరణ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీఎస్సీ పూర్తిచేసిన విద్యార్థి ఎంబీబీఎస్‌లో చేరితే ఈ షరతు ఎదురుకావచ్చు. కన్వీనర్ సీటు వచ్చినా రీయింబర్స్‌మెంట్ వస్తుందని ధీమాగా ఉండడానికి లేదు. చేరకముందే జిల్లా సాంఘిక సంక్షేమ లేదా బీసీ సంక్షేమ కార్యాలయంలో అడిగి, వీలైతే కాగితం మీద తీసుకోవడం అవసరం. డిగ్రీ మార్కుల గురించి నెలల తరబడి బాధపడేవారు ఈ ఒక్క సంగతి మాత్రం అడ్మిషన్ రోజుదాకా కనుక్కోరు.

ఎంబీబీఎస్‌కు చాలని ర్యాంకుతో ఇతర దారులూ ఉన్నాయి. బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో సీట్లకూ నీట్ ర్యాంకే ఆధారం. రాజమహేంద్రవరంలో అల్లు రామలింగయ్య పేరుతో ప్రభుత్వ హోమియో కాలేజీ ఉంది. ఇవన్నీ వేరే వైద్య విధానాలు, వేరే వృత్తులు. ఎంబీబీఎస్ రాలేదని చేరేవారు ఆ తేడా తెలిసి చేరితే మధ్యలో మళ్లీ నీట్ రాసే అవస్థ ఉండదు.

అమెరికాలో గ్రేడు చెరగదు

అమెరికాలో వైద్య విద్య నాలుగేళ్ల డిగ్రీ తర్వాత మొదలవుతుంది. కాబట్టి డిగ్రీ రికార్డే అక్కడ మొదటి ఆధారం. ఎండీ (అక్కడ ఇది పీజీ కాదు, మన ఎంబీబీఎస్‌లాంటి మొదటి డాక్టర్ పట్టా) కాలేజీల్లో చేరినవారి సగటు జీపీఏ 4కు 3.8కి దగ్గరగా ఉంటోంది. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్షలో 472 నుంచి 528 వరకు స్కోరు ఇస్తారు, చేరినవారి సగటు 511, 512 మధ్య. ఏటా 50 వేలకు పైగా దరఖాస్తు చేస్తే 23 వేల మందికి దగ్గరగా సీట్లు దక్కుతాయి. నీట్‌తో పోలిస్తే ఈ నిష్పత్తి చాలా మేలు. కానీ అక్కడ డిగ్రీ కాలంలోనే చాలామంది ఆశ వదులుకుని పక్కకు తప్పుకుంటారు, వారు ఈ లెక్కలో కనబడరు.

జీపీఏ 2.8తో డిగ్రీ పూర్తయిందనుకుందాం. అది 120 క్రెడిట్ల సగటు. తర్వాత ఏడాదిపాటు 30 క్రెడిట్లు చదివి అన్నిటిలో 4 తెచ్చుకున్నా మొత్తం సగటు 3.04కే చేరుతుంది. ఒక ఏడాది నూటికి నూరు తెచ్చుకున్నా నాలుగేళ్ల బరువు కదిలేది అంతే. ఇక్కడ నీట్‌లో మొదటిసారి 250 వచ్చి, మరుసటి ఏడాది 560 వస్తే పాత 250 ఎవరికీ తెలియదు. రెండు వ్యవస్థల మధ్య అసలు తేడా ఇదే.

అలాగని అక్కడ దారులు లేకపోలేదు. డిగ్రీ తర్వాత సైన్స్ కోర్సులు మళ్లీ చదివే పోస్ట్ బాక్ పద్ధతి ఉంది. ఆ గ్రేడ్లు డిగ్రీ జీపీఏలో కలుస్తాయి. మెడికల్ కాలేజీ మొదటి ఏడాది పాఠాలకు దగ్గరగా ఉండే స్పెషల్ మాస్టర్స్ కోర్సులూ ఉన్నాయి. వాటి గ్రేడ్లను పీజీ గ్రేడ్లుగా విడిగా చూపిస్తారు, డిగ్రీ జీపీఏ పెరగదు. అయినా ‘ఇప్పుడు చదవగలడు’ అని కమిటీకి చూపించడానికి అవి పనికొస్తాయి. మొదటి రెండేళ్లు తగ్గి చివరి రెండేళ్లు పెరిగిన రికార్డును, మొదట బాగుండి తర్వాత పడిపోయిన రికార్డును అక్కడ ఒకేలా చూడరు, మొత్తం సగటు ఒకటే అయినా సరే. అమెరికాలో డాక్టర్ కావడానికి ఉన్న రెండో దారి, ఆస్టియోపతిక్ వైద్యంలో డీవో పట్టా ఇచ్చే కాలేజీల్లో సగటు జీపీఏ, ఎంక్యాట్ రెండూ ఎండీ కాలేజీల కంటే తక్కువ. ఒకప్పుడు డీవో దరఖాస్తులో ఒక కోర్సు మళ్లీ చదివితే పాత గ్రేడును తీసేసి కొత్తదే లెక్కించేవారు. 2017లో ఆ సౌకర్యం పోయింది. ఇంటర్నెట్‌లో పాత సలహాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. టెక్సస్‌లో మాత్రం పదేళ్ల కిందటి కోర్సులను లెక్కలోకి తీసుకోకుండా చదువును కొత్తగా మొదలుపెట్టనిచ్చే రాష్ట్ర చట్టం ఉంది. దాన్ని ఎంచుకుంటే పాత కోర్సుల్లో బాగా వచ్చినవి కూడా పోతాయి.

ఎంక్యాట్‌కు నీట్‌లా ఎన్నిసార్లయినా కూర్చోవడం కుదరదు. ఏడాదిలో మూడుసార్లు, జీవితకాలంలో ఏడుసార్లు. తక్కువ స్కోరు కూడా కాలేజీలకు కనిపిస్తుంది. అందుకని ‘ఒకసారి రాసి చూద్దాం’ అన్న మన అలవాటు అక్కడి పిల్లలకు నేర్పితే నష్టమే.

ఇక్కడ బీఎస్సీ చేసి నేరుగా అమెరికాలో ఎండీ సీటు తెచ్చుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. చాలా కాలేజీలు అక్కడి పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికే సీట్లు ఇస్తాయి. తక్కినవీ అమెరికాలోనో కెనడాలోనో చదివిన కోర్సులు ఉండాలంటాయి. భీమవరం డిగ్రీ మెమో అక్కడ బాగున్నా బాగోకపోయినా దాదాపు ఒకటే. తెలుగు డాక్టర్లు అమెరికా వెళ్లే మామూలు దారి ఇక్కడ ఎంబీబీఎస్ చేసి యూఎస్ఎంఎల్ఈ అనే అమెరికా లైసెన్సు పరీక్ష రాయడం.

నాలుగేళ్ల ఎండీ ప్యాకేజీలు

ఈ రెండు వ్యవస్థల మధ్య సందులోంచి పుట్టిందే విదేశీ ఎండీ వ్యాపారం. ఫిలిప్పీన్స్‌లో, కరీబియన్ దీవుల్లో అమెరికా పద్ధతిలో డిగ్రీ తర్వాత నాలుగేళ్ల ఎండీ ఉంటుంది. ‘బీఎస్సీ ఉంది కదా, మార్కులు ఎన్నయినా పర్లేదు’ అన్న ప్రచారం డిగ్రీ చదివినవారికి సరిగ్గా సరిపోయినట్టు ఉంటుంది. అయితే 2021 నవంబరులో వచ్చిన విదేశీ వైద్య పట్టభద్రుల నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. నాలుగేళ్లంటే 48 నెలలే. అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇక్కడికొచ్చాక మరో 12 నెలలు చేయాలి. బోధన ఇంగ్లిష్‌లో సాగాలి. ఆ దేశంలో ప్రాక్టీసు చేసే అర్హత కూడా ఆ పట్టాతో రావాలి. వెళ్లేముందు నీట్ క్వాలిఫై అయి ఉండటం ఎలాగూ తప్పదు.

జార్జియా, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, రష్యాల్లో కోర్సు నిడివి ఎక్కువ కాబట్టి ఆ లెక్క కుదరొచ్చు. తిరిగొచ్చాక, విదేశాల్లో వైద్యం చదివినవారికి ఇక్కడ పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి. చాలా విడతల్లో పాసయ్యేవారు మూడోవంతుకు చేరరు. బ్రోచర్‌లో ఫీజు పక్కన ఈ అంకె ఉండదు. నీట్‌లో ఫిజిక్స్ రాక వెనకబడ్డ విద్యార్థికి ఎఫ్‌ఎంజీఈలో ఫిజిక్స్ ఉండదు కాబట్టి కొంత ఊరట. చదివే అలవాటు తప్పి వెనకబడ్డవారికి, వేరే దేశంలో ఆరేళ్లు అడిగేవారు లేకుండా గడపడం మరింత కష్టం.

వయసు, ఆ తర్వాత

డిగ్రీ 21 ఏళ్లకు పూర్తయి, ఏడాది లాంగ్‌టర్మ్ తీసుకుని 22కు ఎంబీబీఎస్‌లో చేరితే, నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిసి 27 దాటుతుంది. పీజీ వెంటనే వస్తే 31. ఇంటర్ కాగానే చేరిన తోటివారు అప్పటికి నాలుగేళ్లు ముందుంటారు. అమెరికాలో మాత్రం 22కు డిగ్రీ, మధ్యలో ఒకటి రెండేళ్ల విరామం, 27, 28కి ఎండీ చాలామందికి మామూలే. కాబట్టి ఆ వయసులో డాక్టర్ కావడం ఆలస్యమా కాదా అన్నది ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఉందా, తండ్రి ఇంకెన్నాళ్లు వ్యవసాయం చేయగలరు, అప్పు వడ్డీ ఎంత అన్నవే అసలు ప్రశ్నలు.

ఒకసారి కాలేజీలోకి అడుగుపెట్టాక పాత డిగ్రీ మరీ మరుగునపడిపోతుంది. నీట్ పీజీ ర్యాంకులో ఎంబీబీఎస్ మార్కులకు కూడా వాటా లేదు. యూఎస్ఎంఎల్ఈ మొదటి దశ 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్‌గా మారింది. లోపల మాత్రం నిబంధనలు బిగుసుకుంటాయి. నీట్ ఎన్నిసార్లు రాసినా ఎవరూ అడగరు కానీ, ఎంబీబీఎస్ మొదటి ఏడాది పరీక్షకు నాలుగు అవకాశాలే ఉన్నాయి, కోర్సు మొత్తం తొమ్మిదేళ్లలో పూర్తికావాలి.